చెప్పకూడని మంచి కబురు

సౌదీలోని ఖోబర్‌లో సముద్రపు ఒడ్డునున్న ఒక హోటల్ హాల్లో, ముందు వరస కుర్చీలో కూర్చున్న మునిరత్నమ్మకు కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. పొద్దున్నే ఇద్దరు బాలింతల ఇళ్ళకు వెళ్ళి, ఇద్దరు పసివాళ్ళనూ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసి వచ్చింది. మోకాళ్ళు సలుపుతున్నాయి. చెప్పులు విప్పేసి కాళ్ళు పైకి ముడుచుకుంటే ప్రాణం హాయిగా ఉంటుంది గానీ, చుట్టూ పట్టుచీరలు, సెంటు వాసనలు. ఏం చేస్తుంది పాపం, బిగుసుకుని కూర్చుంది.

వేదిక మీద నమ్రత మాట్లాడుతోంది. హైదరాబాదు పిల్ల, మార్కెటింగ్ చదువుకుంది, భర్త ధహ్రాన్‌లో ఇంజనీరు. సొంతంగా వ్యాపారం పెట్టుకోవాలనుకునే తెలుగు ఆడవాళ్ళ కోసం ఈ సభ పెట్టించింది తనే. వెనక తెర మీద మునిరత్నమ్మ ఫోటో, ఇంత పెద్దది, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ.

"గ్లోబలైజేషన్ అంటే పెద్ద కంపెనీలకే అనుకుంటాం కదా. నాట్ ఎట్ ఆల్! ఈ ఆంటీని చూడండి. ఊరు కడప సైడ్. నువ్వుల నూనె సూడాన్‌ది, శొంఠి నైజీరియాది, వెల్లుల్లి చైనాది, కస్టమర్ తెలుగు అమ్మాయి, డెలివరీ సౌదీలో. ఒక్క యాడ్ లేదు, ఒక్క బోర్డు లేదు. ఓన్లీ వర్డ్ ఆఫ్ మౌత్! మనం నేర్చుకోవాల్సిన ఫస్ట్ లెసన్ అదే."

మునిరత్నమ్మకు నవ్వొచ్చింది. సూడాన్ నూనె కావాలని కోరి కొన్నదా ఏం? సందు చివర బకాలా కొట్లో ఆ సీసాయే దొరికింది, కొన్నది. బోర్డు పెట్టక ఏమన్నా వ్రతం పట్టిందా? ఇకామా అనే నివాస కార్డు మీద ఖద్దామా అని ఉన్న మనిషి, ఇంట్లో పనిమనిషిగా వచ్చిన మనిషి, బయట బోర్డు కట్టుకుంటే పోలీసులు ఊరుకుంటారా! ఆ సంగతి నమ్రతకూ తెలుసు. తెలిసీ దాన్ని పాఠం చేసి చెబుతోంటే అందరూ రాసుకుంటున్నారు.

చివర్లో మైకు తెచ్చి మునిరత్నమ్మ చేతిలో పెట్టారు. "ఆంటీ, మీ సక్సెస్ సీక్రెట్ ఒక్క మాటలో చెప్పండి" అని ఎవరో అడిగారు.

"సీక్రెట్టేముందమ్మా, నీళ్ళు బాగా కాగల్ల. అంతే" అంది.

హాలంతా చప్పట్లు. ఎందుకు కొట్టారో ఆవిడకు అర్థం కాలేదు, కొట్టినవాళ్ళకూ అర్థమైందని చెప్పలేం. బయటికొచ్చి మహబూబ్ కారెక్కి, వెనక సీట్లో కాళ్ళు బారజాపి, "నాయనా, నన్ను ఇంటికి బిరబిరా చేర్చు" అని కళ్ళు మూసుకుంది.

ఈ మహబూబ్‌తోనే మొదలైంది ఆవిడ కథ. రాయచోటివాడు, ఆవిడ పనిచేసే ఇంటి పక్కన అరబ్బుల దగ్గర డ్రైవరు. మునిరత్నమ్మది రైల్వే కోడూరు దగ్గర పల్లె. మొగుడు పోయాక పనికోసం రియాద్ వచ్చి, అక్కడో ఇంట్లో నడుములు విరగ్గొట్టుకుని, తర్వాత ఖోబర్‌లో ఒక ముసలావిడ ఇంటికి మారింది. ఆ ముసలావిణ్ణి అందరూ పిలిచినట్టే తనూ మామా అని పిలిచేది. వంట, చాకిరీ, మామా కాళ్ళకు మర్దన. ఏళ్ళు గడిచిపోయాయి. మహబూబ్ భార్య హసీనా విజిట్ వీసా మీద వచ్చి, నెలలు నిండకముందే ఇక్కడే ప్రసవమైంది. తల్లి రావడానికి వీసా దొరకలేదు. మహబూబ్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చినంత పని చేస్తే, మామాయే "వెళ్ళు, వెళ్ళి చూసుకో" అని పంపింది.

మునిరత్నమ్మ వెళ్ళింది. హసీనాకు నూనె రాసి వేడినీళ్ళు పోసింది, మిరియాల చారు, వెల్లుల్లి కారం, నెయ్యి వేసి అన్నం కలిపి పెట్టింది. వాళ్ళ ఇళ్ళల్లో బాలింతకు తాగించే అచ్వానీ ఎలా చేయాలో ఫోనులో హసీనా తల్లిని అడిగి నేర్చుకుని మరీ చేసింది. నలభై రోజులూ కన్నతల్లిలా చూసుకుంది. హసీనా ఊరికే ఉంటుందా? ఆస్పత్రిలో టీకాలకు వెళ్ళినప్పుడు పక్కన కూర్చున్న ఒంగోలు అమ్మాయికి చెప్పింది. ఆ అమ్మాయి ప్రసవించాక వరంగల్ అమ్మాయికి చెప్పింది. మామా కూడా అడ్డు చెప్పలేదు, ఇంటి పని అయ్యాక వెళ్ళి రమ్మనేది.

ఇక ధహ్రాన్ కాంపౌండ్‌లో జరిగిన భాగోతం చెప్పుకుని తీరాలి. తలంటు అయ్యాక బాలింతకు సాంబ్రాణి పొగ వేయాలి కదా, మామా ఇచ్చిన అరబ్బీ ధూపపాత్రలో నిప్పులు వేసి ఈవిడ మంచం కింద పెట్టింది. పొగ పైకెళ్ళిందో లేదో సీలింగుకున్న అలారం ఊరంతా లేచేలా కుయ్యోమంది. సెక్యూరిటీవాళ్ళు పరుగెత్తుకొచ్చారు, పక్క విల్లాల నుంచి అమెరికావాళ్ళు, ఫిలిప్పీన్స్‌వాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వీధిలోకొచ్చారు. మునిరత్నమ్మ మాత్రం, "తల ఆరకుండా యాడికి లేపుతారు బాలింతను?" అని వాకిలికి అడ్డంగా నిలబడింది. ఆ దెబ్బతో తూర్పు ప్రాంతంలో తెలుగువాళ్ళందరికీ ఆవిడ పేరు తెలిసిపోయింది. సైరన్ మోగించిన ఆంటీ అంటే చాలు. కోట్లు పోసి ప్రకటనలిచ్చుకునేవాళ్ళకు ఇంత ప్రచారం వస్తుందా?

ఆవిడకు రెండు కట్టుబాట్లుండేవి. ఒకటి, ఒక పురిటింట్లో అడుగుపెడితే బిడ్డను ఉయ్యాల్లో వేసేదాకా ఇంకో పురిటింటి గడప తొక్కేది కాదు. ఎంత బతిమాలినా సరే. రెండోది, వెళ్ళిన రోజే బాలింతను కూర్చోబెట్టి గట్టిగా చెప్పేది.

"బిడ్డ బాగుండాడని ఎవురితోనూ చెప్పగాకు తల్లీ. ఫోటోలు పెట్టగాకు. ఎవురన్నా అడిగితే, ఏదో ఉండాడులే అను. దిష్టి అంటే ఆషామాషీ కాదు. నీకేమన్నా చెప్పుకోవాలని ఉంటే నా గురించి చెప్పుకో, నాకేం దిష్టి తగల్దులే!"

కంప్యూటర్ చదువులు చదివిన పిల్లలు కూడా ఈ మాట దగ్గర కిక్కురుమనేవాళ్ళు కాదు. వాళ్ళ అమ్మలు ఊళ్ళో ఉండి ఫోనులో చెప్పేదీ అదేగా. అందుకని బిడ్డ గురించి గుట్టు, మునిరత్నమ్మ గురించి మాత్రం నోరారా పొగడ్త. అలా పాకింది ఆ పేరు.

ఇలా సాగిపోతుండగా మామా కాలం చేసింది. మునిరత్నమ్మ సొంత మనిషి పోయినట్టే ఏడ్చింది. ఏడుపు ఆరకముందే రియాద్ నుంచి వచ్చిన మామా కూతురు నూరా సంగతి తేల్చేసింది. ఇల్లు మూసేస్తున్నాం, నాకు చిన్నపిల్లలు ఐదుగురు, నాతో వచ్చెయ్, లేదా పాస్‌పోర్టు మీద ఖురూజ్ ముద్ర కొట్టిస్తాను, ఊరికి పో. నూరా చెడ్డమనిషి కాదు. ఆమె అవసరం ఆమెది. అయితే మునిరత్నమ్మకు ఆ రెండూ రెండు గోతుల్లా కనిపించాయి. ఊరికి పోతే ఏముంది? రియాద్ పోతే మళ్ళీ పొద్దున లేచింది మొదలు ఇల్లు తుడవడం, ఐదుగురి బట్టలు ఉతకడం. యాభై దాటిన ఒళ్ళు, ఇంకెన్నాళ్ళు వంగుతుంది? పైగా ఇన్నాళ్ళకు తనకంటూ ఒక పని, ఒక పేరు వచ్చింది. మునిరత్నమ్మ వస్తే చాలు అని ఎదురుచూసే ఇళ్ళున్నాయి. అది వదులుకోవడానికి మనసొప్పలేదు.

అప్పుడే దిగింది నమ్రత. దమ్మాంలో ఇళ్ళకు నర్సుల్ని, ఆయాల్ని పంపే కంపెనీ ఒకటుంది. ఆ మేనేజరుతో మాట్లాడింది. వాళ్ళు కఫాలా, అంటే ఆవిడ పూచీ, తమ పేరుకు మార్చుకుంటారు, నూరా తనాజుల్ కాగితం మీద సంతకం పెట్టి వదిలేస్తే చాలు. ఇకామా మీద ఖద్దామా పోయి, తల్లీబిడ్డల్ని చూసుకునే మనిషి అని ఉంటుంది. దొంగచాటుగా తిరగక్కర్లేదు. ఆ మాట విన్న రోజు మునిరత్నమ్మ ఒంటికి పదేళ్ళు తగ్గాయి. మేనేజరు ఒక్కటే అడిగాడట, వచ్చే మూడు నెలలకూ ఇళ్ళు ముందే ఖాయమై ఉండాలి, అప్పుడే తీసుకుంటాం అని. నూరా కూడా ఒప్పుకుంది, మామా చనిపోయిన నలభై రోజులకు ఇల్లు మూస్తాను, ఆలోగా కంపెనీ తీసుకుంటే సంతోషమే అంది.

"అందుకే ఆంటీ, ఇప్పుడు స్కేల్ చేయాలి" అంది నమ్రత. "ఒక్క ఇల్లు, అది అయ్యాక ఇంకో ఇల్లు అంటే కంపెనీవాళ్ళు నవ్వుతారు. పొద్దున ఇద్దరు, సాయంత్రం ఇద్దరు చెయ్యొచ్చు. ఒక రీల్ చేస్తాను, చూడండి ఎలా వెళ్తుందో."

"రెండు పురుళ్ళు ఒకేపారి చూడకూడదు తల్లీ. ఊర్లో పురుళ్ళు పోసిన మా అమ్మే చూసేది కాదు."

"మీ అమ్మగారికి ఇకామా లేదు కదా ఆంటీ!"

పిల్ల తన మంచికే చెబుతోంది. రీల్ చేసింది. అది ఎక్కడెక్కడికో పోయింది. రాస్ తనూరా నుంచి ఫోన్లు, రియాద్ నుంచి ఫోన్లు, బహ్రెయిన్ నుంచి ఒకావిడ, అసలు ముఖం తెలియనివాళ్ళు. నాలుగు నెలల గర్భిణి కూడా ముందే మాట తీసుకుంది. మేనేజరు సరేనన్నాడు, కాగితాలు తయారు చేయిస్తున్నానన్నాడు. మునిరత్నమ్మ ఖోబర్‌లో ఆశా అనే బాలింత ఇంటికి, ధహ్రాన్‌లో ఇంకో బాలింత ఇంటికి రోజూ తిరగడం మొదలుపెట్టింది. ఒక ఇంట్లోంచి బయటికొచ్చాక మహబూబ్ కారు దగ్గర నిలబడి సీసాలో నీళ్ళతో మోచేతుల దాకా కడుక్కునేది, పైట మార్చుకునేది, వాళ్ళమ్మకు మనసులో దండం పెట్టుకునేది. అప్పుడే ఆ హోటల్ సభ.

సభ జరిగిన మూడు రోజులకు ఆశా కొడుక్కి జ్వరం వచ్చింది.

ఆశాది అమలాపురం. భర్త హేమసుందర్. మొదటి పాప బడికెళ్తోంది, ఇది రెండో కాన్పు. బిడ్డ పాలు తాగక, ఒళ్ళు కాలిపోతుంటే ఆస్పత్రిలో చేర్చారు. మునిరత్నమ్మ పొద్దున వెళ్ళేసరికి ఇంటికి తాళం. ఆశాకు ఫోన్ చేస్తే తీయలేదు. హేమసుందర్ తీసి, "ఇప్పుడు కుదరదండీ, తర్వాత మాట్లాడతాం" అని పెట్టేశాడు.

ఆ తర్వాత నోళ్ళు లేచాయి. మొదట జ్వరం అన్నారు. మధ్యాహ్నానికి, ఆవిడ ఆ పురిటి నుంచి ఈ పురిటికి తిరుగుతోందటగా, అందుకే అన్నారు. సాయంత్రానికి చేతులు కడుక్కోదట అన్నారు. మర్నాటికి నూనె కల్తీదైంది. ఆ మర్నాడు ధహ్రాన్ బిడ్డ కూడా ఆస్పత్రి పాలయ్యాడన్నారు, వాడేమో ఇంట్లో బ్రహ్మాండంగా తేన్పులు తీస్తూ ఉన్నాడు! ఎవరికి కావాలి నిజం? పొగిడేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్కరికి చెప్పుకుంటూ వచ్చిన పేరు, ఏళ్ళు పట్టింది అది. తిట్టడానికి ఒక వాట్సాప్ గ్రూపు, ఒక మధ్యాహ్నం సరిపోయాయి. పైగా ఆవిడకు ముఖం మీద ఒక్కరూ అనలేదు. "మా అత్తగారు వస్తున్నారు ఆంటీ", "వద్దనుకున్నాం ఆంటీ, ఏమనుకోకండి", "మళ్ళీ చెప్తాం ఆంటీ". ఇంత మర్యాదగా నరికితే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి?

ధహ్రాన్ బాలింత కూడా రావద్దంది. బహ్రెయిన్ ఆవిడ ఫోనే ఎత్తలేదు. ఇవన్నీ ఒక ఎత్తు, ఆవిడ మనసులో పురుగు ఒక ఎత్తు. తను నిజంగానే ఏదన్నా మోసుకెళ్ళిందా ఆ బిడ్డ దగ్గరికి? అమ్మ పెట్టుకున్న కట్టుబాటు తన స్వార్థం కోసం మీరిందిగా? ఖాళీ ఇంట్లో సామాన్లు మూటలు కడుతూ ఇదే తలపు. అన్నం సయించలేదు.

నమ్రత వచ్చింది. ముఖంలో కళ లేదు. "ఆంటీ, మేనేజర్ వెయిట్ చేయనంటున్నాడు. ఆదివారం లోపు బుకింగ్స్ మళ్ళీ కన్ఫర్మ్ కాకపోతే ఫైల్ క్లోజ్ అంటున్నాడు. ఇప్పుడు ఎవరు చెప్పినా నమ్మరు. ఆశా ఒక్క మెసేజ్ పెడితే చాలు, అంతా సెట్ అవుతుంది. ఆమెతోనే మాట్లాడండి."

"ఆ బిడ్డ ఎట్లుండాడో చెప్పు ముందు" అంది మునిరత్నమ్మ.

"తెలీదు ఆంటీ. ఎవరికీ చెప్పట్లేదు వాళ్ళు."

ఎవరికీ చెప్పడం లేదంటే ఏమిటర్థం? శుక్రవారం నమాజు అయ్యాక మహబూబ్‌ను పిలిచి, ఎలాగైనా ఆశా ఇంటికి తీసుకెళ్ళమంది. ఉక్కపోతకు కారు అద్దాల మీద బయటినుంచి తేమ కారుతోంది.

తలుపు ఆశాయే తీసింది. చూసి ఒక్క క్షణం తడబడింది. "రండి ఆంటీ, లోపలికి రండి. వంట్లో ఎలా ఉందండీ మీకు?" అంది.

మునిరత్నమ్మ నేరుగా ఉయ్యాల వైపు నడిచింది. దగ్గరికి పోకుండా రెండడుగుల దూరంలో ఆగి మెడ చాచి చూసింది. బిడ్డ నిద్రపోతున్నాడు. బుగ్గలు నిండుగా ఉన్నాయి, పెదాలు నిద్రలోనే పాలు తాగుతున్నాయి. ఆవిడ అక్కడే నేల మీద కూలబడి భోరుమంది. ఇన్నాళ్ళూ బిగబట్టిన ఏడుపు.

"అయ్యో, ఏడవకండి ఆంటీ! వాడికేం లేదండీ. తగ్గిపోయి వారం దాటిపోయింది. డాక్టరు చెప్పారు, మా పెద్దది స్కూలు నుంచి జలుబు తెచ్చిందిగా, అది వీడికి అంటుకుందట. ఈ సీజన్‌లో పిల్లలందరికీ వస్తోందట. మీకేం సంబంధం లేదండీ. నేనే అడిగాను, స్నానం వల్లనా, నూనె వల్లనా అని. కాదన్నారు."

మునిరత్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"వారమైందా? ఈ మాట ఎవురికన్నా చెప్పినావా తల్లీ?"

ఆశా నేల చూపులు చూసింది. "గ్రూపులో ఏమేం అనుకుంటున్నారో నాకు తెలుసండీ. చదువుతుంటే మీ మీద జాలేసింది. ఎన్నిసార్లు ఫోన్ తీసి పెట్టేశానో. కానీ... మీరే కదా ఆంటీ చెప్పారు, బిడ్డ బాగున్నాడని ఎవరికీ చెప్పొద్దని. అసలే గండం గడిచి వచ్చాడు. మళ్ళీ నా నోటితో బాగున్నాడంటే ఏమవుతుందోనని భయమేసిందండీ. మా అమ్మ కూడా అదే అంది, రత్నమ్మగారు చెప్పింది విను అని."

మునిరత్నమ్మకు కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఎవరి మీద తెచ్చుకుంటుంది? తన మాటే. అక్షరం పొల్లుపోకుండా పాటించింది ఈ పిల్ల. చెడ్డ కబురు ఊరంతా తిరిగొచ్చింది, మంచి కబురు మాత్రం ఈ ఉయ్యాల పక్కనే కూర్చుండిపోయింది.

ఆశాకు ఏమనిపించిందో, గబుక్కున ఫోను అందుకుంది. "ఇప్పుడే పెడతానండీ. ఇంత అన్యాయం చూస్తూ ఉండలేను. బాబు ఫోటో పెట్టి, వీడు బంగారంలా ఉన్నాడు, ఆంటీ తప్పేం లేదు అని రాస్తాను. రెండు నిమిషాల పని."

అంతే. రెండు నిమిషాల పని. ఆదివారం లోపు ఫోన్లు మళ్ళీ మోగుతాయి, మేనేజరు కాగితాలు బయటికి తీస్తాడు, రియాద్ పోనక్కర్లేదు. ఆశా ఉయ్యాల మీదికి వంగి ఫోను బిడ్డ ముఖానికి ఎత్తింది. ఆ వెలుతురుకు వాడు కళ్ళు చికిలించి, ఒళ్ళు విరుచుకుని, చిన్న తుమ్ము తుమ్మాడు.

మునిరత్నమ్మ లేచి ఆశా చెయ్యి పట్టుకుంది.

"వద్దు తల్లీ. పెట్టగాకు."

"ఫోటో లేకుండా పెడతానండీ. ఊరికే ఆంటీ తప్పు లేదని."

"అట్లంటే గమ్మునుంటారా? మరి బిడ్డ ఎట్లుండాడని అందరూ అడగతారు. ఏం చెప్తావు? చెప్పల్లంటే బాగుండాడనే చెప్పల్ల. అంతమంది నోట్లో నాని, రేపు వానికి రవంత ఒళ్ళు వెచ్చబడినా నేను బతకలేను. ఒకపారి కట్టుబాటు తప్పినాను, నా గతి చూసినావు గదా. ఇంక చాలు."

"డాక్టరు చెప్పారుగా ఆంటీ, దానికీ దీనికీ సంబంధం లేదని!"

"డాక్టరు శానా చదువుకున్నోడు. నిజమే చెప్పింటాడు. నాకు తెలియంది నేను కాదనను. అయినా వద్దు."

ఆశా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయితే, చెప్పొద్దూ, ఆ పిల్ల ముఖంలో కొంచెం ఊరట కూడా కనిపించింది. ఫోను పక్కన పెట్టేసింది. "మూడో నెల వచ్చాక తప్పకుండా చెప్తానండీ. ఒట్టు" అంది. అట్నే చెప్పు తల్లీ అని మునిరత్నమ్మ బయటికి వచ్చేసింది.

కారులో సంగతంతా విని మహబూబ్ మండిపడ్డాడు. "నీకేమన్నా పిచ్చా అక్కా? ఆ పాప చెప్తానంటే నువ్వే వద్దంటివా? దిష్టి లేదు, గిష్టి లేదు. రియాద్‌లో ఐదు మంది పిలకాయల గుడ్డలు ఉతకతావా ఈ వయసులో? నా బిడ్డను సాకినావని చెప్తాండా, నీ అట్లా మొండిదాన్ని నేను యాడా చూడలేదు!"

"తిట్టు నాయనా. నేనే నన్ను తిట్టుకుంటాండా" అంది ఆవిడ.

అబద్ధం కాదు. సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు ఆవిడ నిజంగానే, వెనక్కి తిప్పు, పెట్టమని చెప్పొస్తా అని నోటి చివరిదాకా తెచ్చుకుంది. ఏం పెద్ద త్యాగం చేశానని? భయం, అంతే. ఊరి నుంచి మోసుకొచ్చిన భయం. దాన్నే అందరికీ పథ్యంతోపాటు పంచిపెట్టింది. ఇప్పుడు తను ఒక్కతే దాన్ని దులుపుకుందామంటే ఎలా? సిగ్నల్ పడింది, కారు కదిలింది, ఆవిడ అడగలేదు. ఒళ్ళంతా అలసటగా ఉంది, అంతకన్నా ఏమీ లేదు.

ఆదివారం మేనేజరు ఫైలు మూసేశాడు. నమ్రత ఫోనులో ఏడ్చింది. "నేనే తొందరపెట్టాను ఆంటీ, సారీ" అంది. ఆ తర్వాత వారానికి నూరా కారు వచ్చింది. మునిరత్నమ్మ మామా గదిలో కాసేపు నిలబడి, మూటలు డిక్కీలో పెట్టుకుని రియాద్ వెళ్ళిపోయింది. దారంతా ఇసుక. నూరా పిల్లల్లో చిన్నది ఆవిడ ఒళ్ళో పడుకుని నిద్రపోయింది.

రియాద్ ఇల్లు మూడంతస్తులు. మెట్లెక్కడం, దిగడం. నూరా తిట్టదు, కొట్టదు, అన్నం పెడుతుంది, ఆ మాట చెప్పుకోవాలి. అయితే ఇక్కడ ఆవిడ పేరు మునిరత్నమ్మ కాదు, రత్నా. యా రత్నా, పాలు. యా రత్నా, బట్టలు. మోకాళ్ళకు రాసుకోవడానికి సూడాన్ నూనె మిగిలింది కొంచెం, అదే రాసుకుంటోంది.

ఒకనాడు మధ్యాహ్నం మెట్లు తుడుస్తుంటే ఫోను మోగింది. తెలియని నంబరు.

"మునిరత్నమ్మ గారేనా అండీ? ఖోబర్ నుంచి మాట్లాడుతున్నాను. నాకు ఏడో నెల. ఆశా గారు మొన్న గ్రూపులో పెట్టారు కదండీ, వాళ్ళ బాబు ఫోటోతో. అంతా మీ చలవేనని, మీ గురించి తప్పుగా అనుకున్నవాళ్ళందరూ సిగ్గుపడాలని పెద్ద మెసేజ్ రాశారు. చదివి నాకు ఏడుపొచ్చిందండీ. మీరు మాకు రాగలరా?"

మునిరత్నమ్మ మెట్టు మీద కూర్చుంది. సంతోషం వచ్చింది. ఒట్టి సంతోషం కాదు, కడుపులోంచి. బిడ్డ మూడో నెలకు చేరాడు. వెనకే ఇంకొకటి వచ్చింది, దానికి పేరేం పెట్టాలో ఆవిడకు తెలియదు.

"నేను రియాద్‌లో ఉండానమ్మా. ఇండ్లలో పని. రాలేను."

"ఒక్క నెల కుదరదాండీ? మా అమ్మకు వీసా రాలేదు."

"నన్ను పంపరు తల్లీ. ఇంకెవురన్నా ఉంటే చూసుకోండి."

"ఇంకెవరున్నారండీ? ఎవర్ని అడిగినా మీ పేరే చెప్తున్నారు."

పైనుంచి నూరా కేకేసింది. మునిరత్నమ్మ ఫోను పెట్టేసి, బక్కెట్టు అందుకుని మిగిలిన మెట్లు తుడవడానికి లేచింది.